పై అంతస్తుకు వైఫై కావాలంటే ముందు వైరు మెట్లెక్కాలి

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటు ఉంటే దిద్దండి. తెనాలిలో జీ ప్లస్ వన్ ఇల్లు. ఫైబర్ కనెక్షన్ కింద హాల్లో, టీవీ పక్కన ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్. అమ్మానాన్నలు కింద, మీరిద్దరూ పైన ఉంటారు. మీరు పైన తూర్పు గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తారు, మీటింగ్ మధ్యలో మాట తెగిపోతోంది. మెట్ల దగ్గర గోడకు రిపీటర్, అంటే వైఫైని అందుకుని మళ్లీ ముందుకు పంపే చిన్న పెట్టె, పెట్టారు. ఫోన్లో గీతలన్నీ నిండాయి గానీ స్పీడు 12 దాటడం లేదు. అటక మీద పాత రౌటర్ ఒకటి ఉంది. షాపులో మెష్, అంటే ఒకదానితో ఒకటి గాల్లోనే కలిసి పనిచేసే రౌటర్ల సెట్టు, కొనమంటున్నారు. 'కొనమంటారా, వేరే దారేమైనా ఉందా' అని అడిగారు.

మెష్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. కింద ఫైబర్ బాక్సు నుంచి పై అంతస్తు దాకా ఒక మంచి లాన్ కేబుల్ లాగించండి. దాని చివర ఆ పాత రౌటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టెగా పెట్టండి. పదిహేడేళ్లుగా గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇళ్లకు, చిన్న ఆఫీసులకు, నర్సింగ్ హోములకు నెట్‌వర్క్ వేస్తున్నాను. మేడ మీద నెట్ రావడం లేదని పిలిచిన ఇళ్లలో చాలా వాటికి చివరికి నేను చేసింది ఇదే. ఎందుకో, ఎలాగో వివరంగా రాస్తాను. పని చిన్నదే, కానీ తప్పు జరిగే చోట్లు నాలుగైదు ఉన్నాయి, వాటి దగ్గర ఆగి చెప్పాలి.

ముందు ఆ గీతల సంగతి. ఫోన్లో కనిపించే గీతలు మీ ఫోనుకూ రిపీటర్‌కూ మధ్య సిగ్నల్ ఎలా ఉందో మాత్రమే చెబుతాయి. రిపీటర్‌కూ కింది బాక్సుకూ మధ్య ఏం జరుగుతోందో వాటికి తెలియదు. పై ట్యాంకు నుంచి వచ్చే పైపు సన్నంగా ఉంటే బాత్రూములో ఎంత మంచి కుళాయి బిగించినా ధార పెరగదు, అలాంటిదే ఇది. పైగా మామూలు రిపీటర్ ఒకే రేడియోతో కింది నుంచి వినాలి, విన్నదాన్ని మళ్లీ అదే ఛానెల్ మీద మీకు చెప్పాలి. రెండు పనులూ ఒకేసారి చేయలేదు. ప్రతి ప్యాకెట్టూ గాల్లో రెండుసార్లు వెళ్తుంది కాబట్టి స్పీడు దాదాపు సగానికి పడుతుంది. మెట్ల దగ్గర రిపీటర్‌కే పాతిక అందుతుంటే మీ గదిలో 12 వస్తుంది. మీ లెక్క సరిగ్గా అలాగే ఉంది.

ఆ మెట్ల దగ్గరికి పాతికే ఎందుకు అందుతోందంటే, మధ్యలో స్లాబు ఉంది. ఐదారంగుళాల కాంక్రీటు, లోపల నిలువూ అడ్డం కట్టిన ఇనుప చువ్వలు. వైఫై వాడే రెండు బ్యాండుల్లో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఇంచుమించు ఐదున్నర. కాంక్రీటు రెండింటినీ తినేస్తుంది, అందులోనూ 5 గిగాహెర్ట్జ్‌ను ఎక్కువ తింటుంది. చెక్కతో, జిప్సం బోర్డుతో కట్టే దేశాల్లో ఒక రౌటర్ ఇల్లంతా సరిపోతుంది. ఆ దేశాల కోసం రాసిన అట్టపెట్టె మీది చదరపు అడుగుల అంకెలు మన ఇటుక గోడల దగ్గర, మన స్లాబు కింద నిలబడవు.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. రౌటర్ యాంటెన్నా నిటారుగా ఉంటే సిగ్నల్ దాని చుట్టూ గారె ఆకారంలో పరుచుకుంటుంది. పక్కలకు బాగా వెళ్తుంది, సరిగ్గా పైకీ కిందికీ మాత్రం గారెకు చిల్లు ఉన్నట్టే ఖాళీ. మీ గది హాలుకు నేరుగా పైన ఉంటే దగ్గరగా ఉన్నామనుకుంటారు, నిజానికి ఆ చిల్లులో కూర్చున్నారు. రౌటర్‌కు బయటికి యాంటెన్నాలు ఉంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి చూడండి, కేబుల్ పని అయ్యేదాకా కాస్త ఊరట దొరకవచ్చు. యాంటెన్నాలు లోపలే ఉండే ఫైబర్ బాక్సుకైతే ఆ వీలు లేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. లాప్‌టాప్ కిందికి తీసుకెళ్లి, లాన్ కేబుల్‌తో నేరుగా ఫైబర్ బాక్సుకు తగిలించి స్పీడు చూడండి. తొంభైకి పైన వస్తే లైను బాగుంది, జబ్బు ఇంటిలోపలే ఉంది. అక్కడే ముప్పై వస్తే ఎన్ని కేబుళ్లు లాగినా లాభం లేదు, ముందు కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయాలి. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై ఎనలైజర్ రకం యాప్ ఒకటి వేసుకుని, రిపీటర్ ఆపేసి, పైన ప్రతి గదిలో నిలబడి సిగ్నల్ బలం అంకె రాసుకోండి. అది మైనస్‌లో వస్తుంది. మైనస్ 50 అంటే చాలా బాగుంది. మైనస్ 67 దాకా వీడియో మీటింగ్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మైనస్ 75 అయ్యిందంటే మాట తెగడం మొదలవుతుంది. రేపు పని అయ్యాక ఇవే చోట్ల మళ్లీ చూస్తే తేడా కళ్ల ముందుంటుంది. యాక్సెస్ పాయింట్ ఎక్కడ పెట్టాలో కూడా ఈ అంకెలే చెబుతాయి.

ఇప్పుడు కేబుల్. నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే, ఎందుకంటే రౌటర్ మూడు నాలుగేళ్లకు మారుతుంది, గోడలోని కేబుల్ మీ పిల్లలు కాలేజీకి వెళ్లేదాకా అక్కడే ఉంటుంది. క్యాట్ 5ఈ రకం లాన్ కేబుల్ అయినా 100 మీటర్ల దాకా 1 గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. క్యాట్ 6 అయితే 55 మీటర్ల దాకా 10 గిగాబిట్ కూడా మోయగలదు. మీ ఇంట్లో మొత్తం దూరం ఇరవై, పాతిక మీటర్లు మించదు. కొత్తగా లాగుతున్నారు కాబట్టి క్యాట్ 6 తీసుకోండి. క్యాట్ 7, క్యాట్ 8 అని అమ్మజూపే వాటికి డబ్బు పెట్టకండి, మీ ఇంటికి వాటి అవసరం లేదు.

అసలు చూసుకోవాల్సింది లోపలి తీగ. అది పూర్తి రాగి కావాలి. మార్కెట్లో అల్యూమినియం తీగ మీద పల్చగా రాగి పూత వేసిన కేబుల్ విరివిగా దొరుకుతుంది, దాన్ని సీసీఏ అంటారు. ఆరేళ్ల కిందట ఒక షాపులో రాగి అని చెప్పి ఇస్తే నమ్మి ఒక డాక్టరు గారి ఇంట్లో మూడు పాయింట్లు లాగాను. ఎనిమిది నెలలకు ఒకటి, ఏడాదికి ఇంకొకటి పోయాయి. విప్పి చూస్తే కనెక్టర్ దగ్గర తీగ ముట్టుకోగానే పుటుక్కున విరిగింది. మొత్తం పీకేసి నా ఖర్చుతో మళ్లీ వేశాను. అప్పటి నుంచి కొనే ముందు షాపులోనే ఒక తీగ ఒలిచి బ్లేడుతో గీకుతాను. గీకినచోట లోపలా ఎర్రగానే ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. పూర్తి పెట్టె, అంటే 305 మీటర్ల చుట్ట కొనేటప్పుడు చేత్తో ఎత్తి చూసినా తెలుస్తుంది, అల్యూమినియంది తేలిగ్గా ఉంటుంది. మీకు చుట్ట మొత్తం అక్కర్లేదు, మీటర్ల లెక్కన కోసి ఇచ్చే షాపులో తీసుకోండి. కొలిచిన దూరానికి మూడు మీటర్లు ఎక్కువే కోయించండి.

దారి ఎటు అనేది ఇల్లు చూస్తే గానీ చెప్పలేను, కానీ మీరు ముందు వెతకాల్సింది కేబుల్ టీవీ పైపు. మన దగ్గర కట్టిన చాలా ఇళ్లలో డాబా మీది నుంచి ప్రతి అంతస్తు హాలుకూ డిష్ వైరు కోసం గోడలో పైపు వేసి ఉంచుతారు. మీ టీవీ వెనక ఆ పాయింట్ ఉండే ఉంటుంది. ఇప్పుడు టీవీ కూడా ఫైబర్ మీదే నడుస్తుంటే ఆ పాత వైరు ఖాళీగా ఉన్నట్టే. దాన్ని ఊరికే పీకి పారేయకండి, అదే మీకు లాగుడు తాడు. పాత వైరు చివరకు కొత్త కేబుల్‌ను కట్టి, ముడి లావు కాకుండా పొడవుగా టేపు చుట్టి, దాని మీద కాస్త సబ్బు రాయండి. ఒకరు పైన నిదానంగా లాగుతుంటే ఇంకొకరు కింద కేబుల్‌ను మెలిక పడకుండా లోపలికి అందిస్తూ ఉండాలి. పట్టేసిందని బలంగా గుంజొద్దు. వెనక్కి ఒక జానెడు వదిలి మళ్లీ లాగండి. లాన్ కేబుల్లో జతలు ఒక పద్ధతిలో మెలితిప్పి ఉంటాయి, బలంగా గుంజితే ఆ మెలిక సాగి కేబుల్ దెబ్బతింటుంది.

కరెంటు వైర్లు ఉన్న పైపులో మాత్రం పెట్టొద్దు. ఎలక్ట్రీషియన్ 'ఏం కాదు సార్, చోటుంది' అంటాడు. ఒప్పుకోకండి. 230 వోల్టుల వైరు పక్కన ఉండటానికి తగిన తొడుగు లాన్ కేబుల్‌కు ఉండదు. ఎప్పుడైనా కరెంటు వైరు ఒరుసుకుపోతే ఆ కరెంటు మీ రౌటర్‌కూ, రౌటర్‌ను ముట్టుకున్న చేతికీ వస్తుంది. తప్పనిసరిగా కరెంటు లైనును దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే దూరం నడిపించకండి.

పైపు దొరకకపోతే బయటి గోడ మీదుగా వెళ్లొచ్చు. అప్పుడు నల్లటి తొడుగున్న అవుట్‌డోర్ కేబుల్ కావాలి. మన ఎండకు లోపల వాడే కేబుల్ తొడుగు రెండు మూడు వేసవులకే పెళుసుబారి పగుళ్లిస్తుంది. గోడకు బెజ్జం వేసేటప్పుడు లోపలి నుంచి బయటికి కాస్త కిందికి వాలుగా వేయించండి. బయట కేబుల్ ఆ బెజ్జంలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా వదిలితే, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, గదిలోకి రావు. ఏ మూల దగ్గరా కేబుల్‌ను మడతపెట్టినట్టు వంచకూడదు, చిన్న గుండ్రం తిరగాలి.

అద్దె ఇల్లయి గోడలు ముట్టుకోకూడదంటే మెట్ల అంచునే కేసింగ్ పట్టీ అతికించి అందులో తీసుకెళ్లండి. ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకోవచ్చు.

చివర్లు కట్టడం గురించి. గోడలో వెళ్లే కేబుల్ తీగ గట్టిది, మాటిమాటికీ వంగితే విరుగుతుంది. అందుకని రెండు చివర్లా గోడకు ఐఓ బాక్సు, అంటే లాన్ సాకెట్ పెట్టించి, అక్కడి నుంచి రౌటర్‌కు ప్యాచ్ కార్డు అనే పొట్టి రెడీమేడ్ కేబుల్ వాడితే మంచిది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా పోయేది ఆ చిన్న కార్డే, గోడలోది కాదు. నేరుగా కనెక్టర్ కొట్టాలన్నా పర్వాలేదు. రంగుల వరస ఇది: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. క్లిప్పు కింది వైపుకు, లోహపు కాళ్లు మీ వైపుకు పట్టుకుంటే ఎడమ నుంచి ఇదే క్రమం. రెండు చివర్లా ఒకటే ఉండాలి. జతల మెలికను అరంగుళం కంటే ఎక్కువ విప్పొద్దు. ఎనిమిది తీగలనూ వేళ్ల మధ్య చదును చేసి, ఒకే గీతకు కత్తిరించి, కనెక్టర్ లోపలికి నెట్టాక ముందు వైపు నుంచి చూడండి. ఎనిమిది రాగి చుక్కలు గాజు వెనక కనిపించినట్టు కనిపించాలి. ఏడే కనిపిస్తే బయటికి తీసి మళ్లీ సర్దండి. బయటి తొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్లి నొక్కుకోవాలి, లేకపోతే బరువంతా సన్నటి తీగల మీద పడుతుంది.

ఇంత నొక్కి ఎందుకు చెబుతున్నానంటే, నరసరావుపేటలో మా అత్తగారింట్లో నేనే వేసిన లైనులో రెండేళ్ల పాటు ఒక తీగ ఆనీ ఆనకుండా ఉంది. నెట్ వస్తోంది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ప్లాన్ 300కు మార్చాక కూడా పైన 94 దాటడం లేదని మా బావమరిది అన్నాడు. ఆ అంకె వినగానే అర్థమైంది. 100 ఎంబీపీఎస్‌కు ఎనిమిది తీగల్లో నాలుగే చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. 100కు అక్కర్లేని ఆ మిగతా నాలుగింటిలో ఒకటి తెగితే రెండు పరికరాలూ కిందికి దిగి 100తో సర్దుకుంటాయి. అందులో చేతికి వచ్చేది 94 చుట్టుపక్కలే. ఇది ఎప్పుడు కనిపించినా కేబుల్‌నో పోర్టునో అనుమానించాలి. కనెక్టర్ కోసి కొత్తది కొట్టేసరికి సరిపోయింది. మీకు పని చేసే మనిషి దగ్గర లాన్ కేబుల్ టెస్టర్ ఉందేమో ముందే అడగండి, ఎనిమిది లైట్లూ వరసగా వెలిగేదాకా డబ్బులివ్వకండి.

పోర్టు విషయం కూడా ఇక్కడే. ఫైబర్ బాక్సు వెనక నాలుగు లాన్ పోర్టులు ఉన్నా కొన్నింటిలో ఒక్కటే గిగాబిట్, మిగిలినవి 100వి. పక్కన జీఈ (గిగాబిట్ ఈథర్నెట్) అని రాసి ఉన్నదాంట్లో పెట్టండి.

కేబుల్ సిద్ధమైంది, ఇక పాత రౌటర్. మీ ప్రశ్న కింద ఒకరు 'కేబుల్ తెచ్చి రౌటర్‌కు పెట్టేస్తే అయిపోతుంది' అని రాశారు. అలా పెట్టేస్తే ఒక్కోసారి ఇల్లంతా నెట్ పోతుంది. ఇంట్లో ప్రతి ఫోనుకూ టీవీకీ ఐపీ అడ్రస్ ఇచ్చే పని ఒకరే చేయాలి, దాన్ని డీహెచ్‌సీపీ అంటారు. ప్రస్తుతం అది మీ ఫైబర్ బాక్సు చేస్తోంది. పాత రౌటర్‌కూ అదే అలవాటు. రెండూ ఒకే ఇంట్లో అడ్రసులు పంచడం మొదలుపెడితే కొన్ని ఫోన్లు పాత రౌటర్‌నే బయటికి వెళ్లే గుమ్మం అనుకుంటాయి. దాని వెనక బయటికి దారే లేదు. వైఫై కలిసినట్టే కనిపిస్తుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. మీ నాన్నగారి ఫోను పనిచేస్తుంది, మీ ఆవిడ ఫోను పనిచేయదు, సాయంత్రానికి అటుదిటు అవుతుంది. ఆ టెన్షన్ పడకుండా ఉండాలంటే గోడలోని కేబుల్ తగిలించకముందే కింది పనులు పూర్తి చేయండి.

పాత రౌటర్‌ను అటక దించి, వెనక ఉన్న చిన్న బెజ్జంలో పిన్నుతో పది పదిహేను సెకన్లు నొక్కి రీసెట్ చేయండి. లాప్‌టాప్‌ను లాన్ పోర్టుకు కలిపి దాని సెట్టింగుల పేజీ తెరవండి. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ అనేది ఉంటే మీ అదృష్టం, దాన్ని ఎంచుకుంటే చాలా పని అదే చేసుకుంటుంది. ఆ మోడ్‌లో కేబుల్‌ను సాధారణంగా వాన్ పోర్టుకే, అంటే బయటి నెట్ వచ్చే పోర్టుకే పెట్టమంటుంది, అలాగే పెట్టండి. పాతది కాబట్టి ఆ మోడ్ లేకపోవచ్చు. అప్పుడు చేత్తో చేయాలి. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత వైఫై పేరు, పాస్‌వర్డ్, ఛానెల్ పెట్టండి, వాటి గురించి కింద చెబుతాను. ఆ తర్వాత లాన్ ఐపీ అడ్రస్. ఫైబర్ బాక్సుది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. జియో బాక్సయితే అది 192.168.29.1 ఉంటుంది, అప్పుడు దీనికి 192.168.29.2. మొదటి మూడు అంకెలూ కలవాలి, చివరిది మాత్రం వేరుగా ఉండాలి. అదే అడ్రస్‌ను ఫైబర్ బాక్సు వేరే ఫోనుకు ఇచ్చేయకుండా, దాని సెట్టింగుల్లో పంచే వరస 20 నుంచి మొదలయ్యేలా మార్చండి. అడ్రస్ మార్చి సేవ్ చేయగానే పేజీ పోతుంది, కంగారు పడకండి, కొత్త అడ్రస్‌తో మళ్లీ తెరవండి. అన్నిటికంటే చివర్లో డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇది ముందే ఆపేస్తే మీ లాప్‌టాప్‌కే అడ్రస్ రాక పేజీ తెరవలేక ఇబ్బంది పడతారు.

ఇలా చేత్తో సెట్ చేసినప్పుడైతే, గోడలోని కేబుల్‌ను ఆ రౌటర్ లాన్ పోర్టుల్లో ఏదో ఒకదానికి తగిలించండి. వాన్ అని రాసిన, రంగు వేరుగా ఉన్న పోర్టు ఖాళీగానే ఉండాలి. వాన్‌కు పెట్టినా నెట్ వస్తుంది కదా అని కొందరంటారు. వస్తుంది, కానీ పై అంతస్తు వేరే నెట్‌వర్క్ అయిపోతుంది. కింద ఉన్న ప్రింటర్ పైనుంచి దొరకదు, ఫోన్లో వీడియో కింది టీవీకి వేయలేరు, సీసీ కెమెరా డీవీఆర్ యాప్‌లో రాదు. మొత్తం ఇల్లు ఒకే నెట్‌వర్క్‌గా ఉండాలంటే లాన్ నుంచి లాన్‌కే.

వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందా పైనా అక్షరం తేడా లేకుండా ఒకటే పెట్టండి. సెక్యూరిటీ రకం కూడా ఒకటే, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. డబ్ల్యూపీఎస్ అనే బటన్ సౌకర్యం ఆపేయండి. కొందరు పైదానికి 'అప్‌స్టెయిర్స్' అని వేరే పేరు పెట్టమంటారు, నాకది నచ్చదు. అమ్మ పైకి బట్టలు ఆరేయడానికి వచ్చినప్పుడల్లా సెట్టింగుల్లోకి వెళ్లి పేరు మార్చుకుంటుందా? పేరు ఒకటైతే ఫోనే చూసుకుంటుంది.

పేరు ఒకటే కావాలి గానీ ఛానెల్ ఒకటి కాకూడదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. ఎనలైజర్ యాప్‌లో పక్కింటివాళ్లు దేని మీద ఉన్నారో చూసి కింద ఒకటి, పైన ఇంకొకటి పెట్టండి. 3, 4 ఖాళీగా కనిపిస్తున్నాయని వాటిలో పెట్టొద్దు, అటూ ఇటూ ఇద్దరితోనూ గొడవే. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి, 40 పెడితే ఆ బ్యాండులో రెండు రౌటర్లకే చోటు చాలదు. 5 గిగాహెర్ట్జ్‌లో చోటుకు కొదవ లేదు. మన దేశంలో 2018లో ఆ బ్యాండులో చాలా భాగాన్ని లైసెన్స్ అక్కర్లేకుండా వదిలారు. కింద 36, పైన 149 పెట్టుకుంటే సరిపోతుంది.

కింది నుంచి పైకి ఎక్కుతుంటే ఫోను వెంటనే పైదానికి మారదు. మారాలా వద్దా అన్నది రౌటర్ కాదు, ఫోనే తేల్చుకుంటుంది. ఐఫోను తను పట్టుకున్న సిగ్నల్ మైనస్ 70కి పడేదాకా ఇంకోదాన్ని వెతకదని ఆపిల్ వాళ్లే రాశారు. మిగతా ఫోన్ల లెక్కలు వాటివి. అందుకే రెండు బాక్సులనూ గరిష్ఠ పవర్‌లో నడపడం మంచిది కాదు. కిందిది మేడ మీద కూడా బలహీనంగా తగులుతూ ఉంటే ఫోను దాన్నే పట్టుకు వేలాడుతుంది. సెట్టింగుల్లో ట్రాన్స్‌మిట్ పవర్ ఉంటే 2.4 గిగాహెర్ట్జ్‌ను మధ్యస్థానికి తగ్గించి చూడండి. మీ విషయంలో స్లాబే పెద్ద అడ్డుగోడ కాబట్టి ఈ సమస్య ఎక్కువ రాదు. ఒకే అంతస్తులో రెండు పెట్టినప్పుడు బాగా వస్తుంది.

ఎక్కడ పెట్టాలంటే, మీరు పని చేసే గదిలోనో, ఆ గది తలుపు కనిపించే పై హాల్లోనో, మనిషి ఎత్తుకు పైన గోడ మీద. బీరువా మీద వద్దు, ఇనుము సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది. టీవీ వెనకా వద్దు, డ్రెస్సింగ్ టేబుల్ అద్దం వెనకా వద్దు, అద్దం వెనక ఉండే లోహపు పూత కూడా అదే పని చేస్తుంది. మీ లాప్‌టాప్ ఎటూ ఒకేచోట ఉంటుంది కదా, దాన్ని పై రౌటర్‌లో మిగిలిన లాన్ పోర్టుకు వైరుతోనే కలిపేయండి. మీటింగులకు అంతకంటే మంచిది ఇంకేదీ లేదు. వైఫై ఫోన్లకు ఉంటుంది.

పాత రౌటర్ ఎంత పాతదో మీరు రాయలేదు. 2.4 మాత్రమే ఉండి పోర్టులు 100వి అయినా మీ ప్లాన్‌కు వైరు మీద 94 దాకా, వైఫై మీద పక్కింటి సందడిని బట్టి నలభై నుంచి ఎనభై దాకా వస్తుంది. మొదట దానితోనే నడపండి. తర్వాత ప్లాన్ పెంచుకున్నప్పుడు ఆ ఒక్కదాన్ని తీసి, గిగాబిట్ పోర్టులున్న వైఫై 6 రౌటర్ పెట్టుకోండి. కేబుల్ మారదు. ఎప్పుడైనా మెష్ కొన్నా సరే, వాటినీ ఇదే కేబుల్‌తో కలపొచ్చు, అప్పుడవి గాలి మీద ఆధారపడకుండా బాగా పనిచేస్తాయి.

కరెంటు సంగతి మరిచిపోయేవాళ్లు చాలామంది. కింద ఫైబర్ బాక్సుకు ఇన్వర్టర్ ఉంటుంది, పైన రౌటర్ పెట్టిన ప్లగ్గుకు ఉండదు. కరెంటు పోగానే కింద నెట్ ఉంటుంది, మీకు ఉండదు. పైన ఇన్వర్టర్ లైను మీద ఉన్న ప్లగ్గు ఏదో ముందే చూసుకోండి, లేదా రౌటర్ కోసం అమ్మే చిన్న యూపీఎస్ తీసుకోండి. కొనేటప్పుడు అడాప్టర్ మీద 9 వోల్టులా 12 వోల్టులా చదవండి, పిన్ను పట్టింది కదా అని ఒకదానికి ఇంకొకటి పెట్టకూడదు. డబ్బు పెట్టగలిగితే ఇంకో మంచి పద్ధతి ఉంది. సీలింగ్‌కు బిగించే యాక్సెస్ పాయింట్లు కరెంటును కూడా లాన్ కేబుల్ మీదే తీసుకుంటాయి, పీఓఈ అంటారు. కరెంటు పంపే ఇంజెక్టర్ కింద ఫైబర్ బాక్సు పక్కనే ఉంటుంది, కాబట్టి కింది ఇన్వర్టర్ ప్లగ్గే రెండింటికీ సరిపోతుంది. 802.3ఏఎఫ్ అని రాసి ఉన్నవే కొనండి, అవి ఎదుటి పరికరాన్ని అడిగి తెలుసుకున్నాకే కరెంటు పంపుతాయి, 15.4 వాట్ల దాకా. ఏమీ అడగకుండా 24 వోల్టులు పంపే ఇంజెక్టర్లు కూడా ఉన్నాయి, వాటిని వేరే పరికరానికి పెడితే అది కాలిపోయే ప్రమాదం ఉంది. పీఓఈకి రాగి కేబుల్ తప్పనిసరి, సీసీఏ తీగ వేడెక్కుతుంది.

పెరట్లో విడిగా ఉన్న గదికి కూడా ఇలాగే లాగొచ్చా అని చివర్లో అడిగారు. దానికి మాత్రం రాగి కేబుల్ వద్దు. నా పని మొదట్లో ఒక రైతు ఇంటి నుంచి నలభై మీటర్ల దూరంలోని గదికి స్తంభం మీదుగా లాన్ కేబుల్ వేశాను. మే నెలలో ఈదురుగాలుల వాన, దగ్గర్లో ఎక్కడో పిడుగు పడింది. మా వైరు మీద పడలేదు. అయినా అటు రౌటర్, ఇటు బాక్సు పోర్టు, దానికి కలిపి ఉన్న టీవీ మూడూ పోయాయి. రెండు భవనాల మధ్య ఆరుబయట వెళ్లే రాగి తీగ ఆ విద్యుత్తును లోపలికి మోసుకొస్తుంది. తర్వాత అక్కడ ఫైబర్ వేసి, రెండు చివర్లా ఫైబర్‌ను లాన్ కేబుల్‌కు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టాను. గాజు తీగ కాబట్టి కరెంటు దాటదు. ఫైబర్‌తో పాటు బరువు మోయడానికి ఉండే ఇనుప తీగను లోపలికి తీసుకురాకుండా బయటే కోసేయాలి. మీ పెరటి గదికీ అదే చేయించండి.

ఇక మీరు డబ్బు పెట్టి కొన్న రిపీటర్. పారేయకండి. దాని కింది అంచున లాన్ పోర్టు ఉందేమో చూడండి, చాలా మోడళ్లకు ఉంటుంది. ఉంటే దాని యాప్‌లోనే యాక్సెస్ పాయింట్ మోడ్ దొరుకుతుంది. పాత రౌటర్ పనిచేయకపోతే కేబుల్‌ను దానికే తగిలించవచ్చు. గాల్లోంచి వినే పని తప్పిపోతుంది కాబట్టి ఆ సగం నష్టమూ ఉండదు. దాని మోడల్ నంబరు, ఫైబర్ బాక్సు వెనక పోర్టుల ఫోటో ఇక్కడ పెట్టండి, ఏది ఎక్కడ తగిలించాలో గుర్తులు పెట్టి పంపుతాను. ఫోటోలో స్టిక్కర్ మీది వైఫై పాస్‌వర్డ్, సీరియల్ నంబరు మాత్రం కనిపించకుండా కాగితం అడ్డం పెట్టండి.